నీళ్లు తాగిన రాయి

మా రోకవీల ఊరి చర్చిలో ఏటా ముట్టడి తొలగిన రోజున ఒక ప్రసంగం ఉంటుంది. ఎక్కడినుంచో ఒక సన్యాసిని పిలిపిస్తారు. సాధారణంగా ఆయన ముట్టడి నాటికి పుట్టి ఉండడు. వచ్చి, ఉత్తరాది సేనలు మన గోడల చుట్టూ మూగినప్పుడు మన ఆడవాళ్లు దేవుడి మీద భారం వేసి, భక్తి గీతాలు పాడుకుంటూ రాళ్లు విసిరే యంత్రం తాళ్లు లాగారని చెబుతాడు. ఈ ఏడు వచ్చినాయన ఇంకో అడుగు ముందుకేశాడు. మొన్న చలికాలంలో పోయిన పెయ్రోనెల్ల పేరెత్తి, ఆ పుణ్యవతి చెక్కిన ప్రతి రాయినీ దేవదూతలు మోసుకెళ్లి శత్రువు నెత్తిన దించారన్నాడు. వెనకవైపు నిలబడ్డ ముసలమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకావిడ దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్లిపోయింది.

పాటలు పాడిన మాట నిజమే. కాకపోతే అవి భక్తి గీతాలు కావు. తోళ్ల వీధి మగవాళ్ల కంపు మీద నేత వీధి ఆడవాళ్లూ, నేత వీధి మగవాళ్ల పిరికితనం మీద తోళ్ల వీధి ఆడవాళ్లూ కట్టుకున్న పాటలు. వాటిని కాగితం మీద పెట్టడం బాగుండదు. ఇక దేవదూతల సంగతంటారా, పెయ్రోనెల్ల రాళ్లలో ఒకటి ఎక్కడ దిగిందో ఊరంతటికీ తెలుసు. అందరికన్నా ఎక్కువ ఆవిడకే తెలుసు. ఆవిణ్ని పుణ్యవతిని చేసి కూర్చోబెడితే మనకు హాయిగా ఉంటుంది గాని, ఆవిడకు అన్యాయం జరుగుతుంది. బతికుండగా ఎవరైనా ఆ మాట అంటే చేతిలో ఉన్నది విసిరికొట్టేది.

నేత వీధిలో పుట్టింది. తండ్రి ఉన్ని నేసేవాడు. ఓడిపోవడం చేతకాని పిల్ల అని చిన్నప్పుడే పేరు పడింది. ద్రాక్ష కోతల్లో పక్క వరుస వాళ్ల బుట్ట తనకన్నా ముందు నిండితే ఆ పూట రొట్టె ముట్టేది కాదు. అలాంటి మనిషికి అదెమార్ అనే రాతి పనివాడు మొగుడయ్యాడు. ఉలికి ఉన్నంత మాట కూడా లేని మనిషి. ఇంటి పనయ్యాక అతని పక్కన కూర్చుని ఆవిడా రాయి చెక్కడం నేర్చుకుంది. ఇద్దరూ చెరో రాయి ముందేసుకుంటే ఆవిడది ముందు పూర్తయ్యేది, అతనిది నున్నగా వచ్చేది. "నీతో పందెం ఎవడు కట్టాడే?" అని నవ్వేవాడు అదెమార్. ముట్టడికి ముందటి చలికాలంలో జ్వరం తగిలి పోయాడు. పిల్లలు లేరు. సుత్తీ ఉలులూ మిగిలాయి.

వసంతంలో ఉత్తరాది వాళ్లు దిగారు. మతం కోసమన్నారు, మాలో దారి తప్పిన క్రైస్తవులున్నారట. మా ద్రాక్షతోటలు కూడా మతంలో భాగమే కాబోలు. వచ్చీ రాగానే నది అవతలి మిట్ట మీద కొత్త తరహా యంత్రం ఒకటి లేపారు. దాని ఒక చివర గదంత మట్టి పెట్టె. ఆ పెట్టె బరువుకి కిందికి దిగితే, రెండో చివర ఆకాశంలోకి లేచి దూడంత రాయిని మా కప్పుల మీద పడేసేది. లాగే మనుషులు అక్కర్లేదు. పెట్టెను మళ్లీ పైకెక్కించుకోవడానికి బోలెడు సేపు పట్టేది కాబట్టి నిదానంగా వేసేది. వేసినప్పుడల్లా ఒక ఇల్లు పోయేది.

మాది పాతకాలపుది. రెండు నిట్టాళ్ల మీద ఇరుసు, ఇరుసు మీద పొడుగాటి దూలం. దూలానికి పొట్టి చివర తాళ్లు, పొడుగు చివర ఒడిసెల. తాళ్లన్నీ ఒక్క ఊపున లాగితే పొడుగు చివర లేచి, ఒడిసెల గిర్రున తిరిగి రాయిని వదిలేది. మగవాళ్లంతా విల్లులు పట్టుకుని గోడల మీద ఉండేవాళ్లు కనక తాళ్లు ఆడవాళ్ల పాలబడ్డాయి. ఆ యంత్రాన్ని మేం 'అత్తగారు' అనేవాళ్లం. కోడళ్లందరూ కలిసి లాగితే గాని లేవదు, లేచిందా, ఎవరి మీదో ఒకరి మీద రాయి వేయకుండా ఊరుకోదు. అది చర్చి పెరట్లో ఉండేది. పెద్ద యంత్రంతో పోలిస్తే దాని రాయి గుమ్మడికాయంతే. కాని వాళ్లది ఒకటి వేసేలోపు మాది వేస్తూనే ఉండేది.

రాయి ఎక్కడ పడాలో తేల్చేది ఒక్కడు, ఒడిసెల పట్టేవాడు. మా దగ్గర ఆ పని ఫోర్తనేర్‌ది. గాస్కనీ నుంచి వచ్చిన కూలి సిపాయి. పొట్టివాడు, తలుపంత వీపు. రాయి ఉన్న ఒడిసెలను రెండు చేతులా పొట్టకు హత్తుకుని దానికి వేలాడేవాడు. ఆడవాళ్లు లాగగానే దూలం విల్లులా వంగి అతని మడమలు నేల వదిలేవి. అప్పుడు వదిలేవాడు. ఎంతసేపు వేలాడితే అంత దూరం. ఆ చేతుల్లో ఏముందో గాని, వాళ్లు గోడ కూల్చడానికి తోసుకొస్తున్న పందిరి మీద, ఏ వాసం అంటే ఆ వాసం మీద దించేవాడు. చక్రాల మీద నడిచే ఆ పందిరికి పచ్చి తోళ్లు కప్పి, దాని కింద గునపాలు పట్టుకున్న మనుషులుండేవాళ్లు. అది గోడను చేరితే ఊరి పని అయిపోయినట్టే.

చేతులు ఎంత మంచివైనా రాళ్లన్నీ ఒక్క బరువు ఉండాలి కదా. ఆ పని పెయ్రోనెల్ల ఎత్తుకుంది. కూలిన ఇళ్ల రాళ్లు తెచ్చి గుండ్రంగా చెక్కి, పీపాకు వేసే ఇనప కట్టులోంచి దూర్చేది. దూరితే సరైన కొలత. తర్వాత దాన్ని, ఉన్నికి రంగులద్దే తొట్టిలో మంచినీళ్లు నింపి, ముంచాలి. ఇది అదెమార్ పెట్టిన పద్ధతి. మా రాయి గుల్లరాయి. లోపల పగులుంటే పైకి కనపడదు. ముంచి తీసి ఎండలో పెడితే, రాయంతా తెల్లబడ్డాక కూడా పగులున్న చోట నల్లటి గీత మిగిలిపోతుంది. పగులు రాయి ఒడిసెలలో పేలి తాళ్లు లాగేవాళ్ల మీదే పడుతుంది. ఒకసారి పడింది, ఒక పిల్ల కన్ను పోయింది. అప్పటినుంచి ముంచని రాయి యంత్రం దగ్గరికి రాకూడదని ఊరి కట్టుబాటు. ముంచాక ఎంత ఆరాలో మాత్రం ఎవరూ కట్టుబాటు చేయలేదు. అది పెయ్రోనెల్లకు తెలుసు కనక సరిపోయింది. రొట్టె పాలు పీల్చినట్టు పీలుస్తుంది మా రాయి. "నీళ్లు తాగిన రాయి తాగుబోతు లాంటిది, ఇంటిదాకా నడవలేదు" అనేవాడట అదెమార్. అతను జీవితంలో చెప్పిన జోకు అదొక్కటే.

తాళ్ల దగ్గర రెండు వీధులవాళ్లూ వంతులు వేసుకునేవాళ్లు. పొద్దున తోళ్ల వీధి, మధ్యాహ్నం నేత వీధి, మర్నాడు తిరగేసి. ఎవరు ఎక్కువ రాళ్లు వేస్తే వాళ్లకు ఊరి పీపాలోంచి ద్రాక్షసారా, ఓడినవాళ్లు పెరడు ఊడవాలి. తోళ్ల వీధికి నాయకురాలు సౌరిమోండ. మొగుడు పోన్స్‌తో కలిసి తోళ్లు పదును చేసే మనిషి, మోచేతుల దాకా గోధుమరంగు. నేత వీధికి గల్యార్ద. దేవుడి కోసం, ఊరి కోసం అని సన్యాసులు చెప్పుకోవచ్చు. ఆ పెరట్లో నిలబడి చూసినవాళ్లకు తెలుసు, వాళ్లు లాగింది చీపురు పట్టుకోకుండా ఉండడానికి.

ఆ రోజు సముద్రపు గాలి వీచింది. ఆ గాలి వస్తే మా దగ్గర ఆరేసిన బట్ట కూడా బరువెక్కుతుంది. పొద్దున తోళ్ల వీధి వాళ్లు కసిగా లాగి, ఆరిన రాళ్లన్నీ దాదాపు ఖాళీ చేసి, పెరటి గోడ మీద వరసగా కూర్చుని కాల్చిన చెస్ట్‌నట్లు తింటున్నారు. నేత వీధి వంతు సగంలో ఉండగా రాళ్లు అయిపోయాయి.

"ఏమే పెయ్రోనెల్లా, రాళ్లు చెక్కుతున్నావా, పొదుగుతున్నావా?" అని అరిచింది గల్యార్ద.

"తెస్తున్నా, నోరు ముయ్యి."

గోడ మీదనుంచి సౌరిమోండ చెస్ట్‌నట్ తొక్క ఊదుతూ అంది: "అయ్యో పాపం, నేత వీధికి దారం తెగిందే! పోనీ, మా తోలు తాడు ఇవ్వమంటారా?"

తోళ్ల వీధంతా గొల్లున నవ్వింది.

చర్చి వసారా కప్పు మీద ఆ పొద్దున ముంచిన రాళ్లున్నాయి. పెయ్రోనెల్ల మెట్లెక్కి వాటి దగ్గర నిలబడింది. తర్వాత ఆవిడే చెప్పింది, చెయ్యి వేయగానే ఇంకా ఆరలేదని తెలిసిందట. చెయ్యి తీసేసిందట. మళ్లీ కింద నవ్వు వినిపించిందట. గోనెసంచి తీసుకుని ఒక్కో రాయినీ పైపైన గట్టిగా తుడిచింది. గుల్లరాయి పైన తుడిస్తే తెల్లగానే కనిపిస్తుంది. బుట్టలో పెట్టి దించింది.

మొదటిది పందిరికి ఇవతల పడింది. దుమ్ము లేచింది కనక అందరూ కేకలు వేశారు. ఫోర్తనేర్ కేక వెయ్యలేదు. రెండోది ఒడిసెలలో పెట్టుకుని కాస్త ఊపి చూసుకున్నాడు.

"అమ్మా, ఇది బరువుగా తగులుతోంది."

అబద్ధం ఆడాలని ఆవిడ ముందే అనుకోలేదు. అలవాటైన వెటకారం నోటికొచ్చింది, అంతే. "కట్టులోంచి దూరిన రాయే మేస్త్రీ. రాయి అదే. నీ చేతులే అలిసిపోయినట్టున్నాయి."

తాళ్ల దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. "పొద్దున తోళ్ల వీధి వాళ్లు పిండేసుంటారు పాపం!" అంది ఎవరో. ఫోర్తనేర్ కూడా నవ్వాడు. అరచేతుల్లో ఉమ్మేసుకుని, పొట్టకు హత్తుకుని, ఎప్పటికన్నా ఎక్కువసేపు వేలాడాడు.

పందిరికీ గోడకూ మధ్య పాడుబడిన ద్రాక్షతోట ఉంది. మా యంత్రం ఆడుతున్నంతసేపూ పందిరి కింది విలుకాళ్లు తల బయట పెట్టరు కాబట్టి, ఆ అదనులో మావాళ్లు కొందరు దిడ్డి వాకిలి తెరుచుకుని వెళ్లి, ఎండిన ద్రాక్ష మోళ్లు కొట్టి వంటచెరకు తెచ్చుకునేవాళ్లు. రాళ్లు వాళ్ల తలల మీదుగా పోయేవి. తల కూడా ఎత్తి చూసేవాళ్లు కారు. అంత నమ్మకం ఆ చేతుల మీద.

గోడ మీదనుంచి ఎవరో "ఆపండి, ఆపండి" అని అరిచారు. కాసేపటికి దిడ్డి వాకిట్లోంచి మోపులు లోపలికి వచ్చాయి. మనుషులు వచ్చారు. వాళ్లు మోపుల తాడుతోనే కట్టి మోసుకొచ్చిన మనిషి సౌరిమోండ మొగుడు పోన్స్. తల మీద చొక్కా కప్పి ఉంది. సౌరిమోండ ఒళ్లో చెస్ట్‌నట్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఫోర్తనేర్‌ను యంత్రం నిట్టాడికి కట్టేశారు. ఊరి పెద్ద బెరెంగేర్, ఉన్ని వ్యాపారి. తెలివైనవాడే గాని, భయపడ్డ ఊరికి ఏం కావాలో అది అందించే రకం తెలివి. తప్పు జరిగిందంటే రేపు తాళ్లు ఎవరూ పట్టరు. ద్రోహం జరిగిందంటే రెట్టింపు కసిగా పడతారు.

"వాళ్లు నీకేం ఆశ చూపించారు?" అని అడిగాడు.

"ఎవరూ ఏమీ చూపించలేదండీ. చేతులు అలిసిపోయాయి. ఆ అమ్మ ముందే చెప్పింది," అంటూ ఫోర్తనేర్ గడ్డంతో పెయ్రోనెల్లను చూపించాడు. "నీ చేతులు అలిసిపోయాయి మేస్త్రీ అని అందరి ముందూ చెప్పింది. నేనే వినలేదు. ఆ అమ్మ మాట వినుంటే ఆ మనిషి బతికుండును."

అందరూ ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆవిడ నేల చూసింది. వినయం అనుకున్నారు.

మర్నాడు పొద్దున అతన్ని కోట వాకిలి బయటికి పంపాలని తీర్మానం. పక్క ఊళ్లో ఒడిసెల పట్టేవాడు దొరికితే ఉత్తరాది వాళ్లు రెండు చేతులూ మణికట్ల దగ్గర నరికి వెనక్కి తోలారు. ఆ మనిషి మా ఊరి మీదుగానే పోయాడు, అందరం చూశాం. "మనం ఎవరి చేతులూ నరకం," అన్నాడు బెరెంగేర్. "మనం క్రైస్తవులం. మనం తలుపు తీస్తాం, అంతే." ఆ వాక్యం బాగుందని తల ఊపినవాళ్లు చాలామంది ఉన్నారు.

పెయ్రోనెల్ల తిన్నగా చర్చిలోకి పోయి గురువు ముందు మోకరిల్లింది. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గుట్టుగా ఉండాలంటారు. ఆవిడే తర్వాత నలుగురిలో చెప్పింది కనక నేను చెప్పడంలో తప్పులేదు.

"తొందరలో తెలియక చేశావు తల్లీ," అన్నాడట గురువు.

"తెలిసే చేశాను స్వామీ. గోనెతో తుడిచాను."

"రాయి తగలాలని చేయలేదు కదా."

"చేయలేదు. కాని అతనితో ఆ మాటన్నాను కదా, నీ చేతులే అలిసిపోయాయని. అతను నమ్మేశాడు. రేపు చేతులు పోతాయి స్వామీ."

గురువు, తీర్పు పెద్దలది, క్షమాపణ దేవుడిది, రెండూ కలపకూడదని చెప్పి, శుక్రవారాలు రొట్టె, నీళ్లతో ఉపవాసం ఉండమన్నాడు. ముట్టడిలో ఊరంతా వారం పొడుగునా రొట్టె, నీళ్ల మీదే ఉంది. "అంటే శుక్రవారం ఇంకేం మానమంటారు, నీళ్లా?" అని ఆవిడ అడిగిందట. ఆయనకు కోపమొచ్చి పాపవిమోచనం గబగబా ఇచ్చి పంపేశాడు. చవకగా వచ్చిన క్షమ అలాగే ఉంటుంది. ఇచ్చినవాడికి బరువు దిగుతుంది, తీసుకున్నవాడికి దిగదు.

బయట గల్యార్ద కాచుకుని ఉంది. తాళ్ల దగ్గర నిలబడే మనిషి, దించిన బుట్ట అడుగున తడి మరక చూసింది.

"నాకు తెలుసు," అంది. "నోరు మూసుకో. నా కోసం కాదు, వీధి కోసం. వాడు ఎక్కడివాడో. నువ్వు మనదానివి. రాళ్లు నువ్వు చెక్కకపోతే ఎవరు చెక్కుతారే?"

"నేను మనదాన్నని వాడి చేతులు పోవాలా అక్కా?"

"చేతులు పోతే పోతాయి, ప్రాణం పోదు. నీకైతే ప్రాణమే పోతుంది. ఆ సౌరిమోండ నిన్ను పచ్చి తోలులా ఒలిచేస్తుంది. వెళ్లి పడుకో."

పొద్దున కోట వాకిలి దగ్గర ఊరంతా చేరింది. ఫోర్తనేర్‌కు చొక్కా ఒక్కటే ఉంచారు. సౌరిమోండ నల్ల గుడ్డ కట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది, తలుపు తీసేటప్పుడు చూడాలని. గడియ మీద చెయ్యి పడేసరికి పెయ్రోనెల్ల అడ్డంగా వచ్చి నిలబడింది.

"రాళ్లు తడివి," అంది. "నేనిచ్చాను. తడి అని తెలిసి ఇచ్చాను. ఇతని చేతులు అలిసిపోలేదు. అది నేను అన్న మాట."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ నమ్మలేదు. జనంలోంచి ఒక గొంతు లేచింది: "మొగుడి సమాధి మీద గడ్డయినా మొలవలేదు, అప్పుడే గాస్కనీ వాడి మీద మనసైందా అమ్మా?" నవ్వులు లేచాయి. పాపం ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి సిగ్గులేని ఆడదన్న పేరు ముందు దొరికింది. బెరెంగేర్ జాలిగా, "పక్కకు రామ్మా, నీ మంచి మనసు మాకు తెలుసు," అన్నాడు.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. సౌరిమోండ వైపు తిరిగింది.

"వదినా, వసారా కప్పు మీద ఇంకా కొన్ని ఉన్నాయి. నిన్నటివే. రాత్రి మంచుకి అసలు ఆరవు. నేను చెబితే వీళ్లు నమ్మరు. నువ్వు తోలు ఆరిందో లేదో చెంప పెట్టి చెబుతావు కదా. రాయికి కూడా పెట్టి చూడు."

సౌరిమోండ కదల్లేదు. ఆవిడ కదలకపోతే అంతటితో అయిపోయేది. ఆవిడకు ఆ తలుపు తెరుచుకోవడం కావాలి. ఆ రాత్రంతా ఆ ఒక్కదాని కోసమే మేలుకుంది. రాయి తడిదైతే ఆ సుఖం కూడా పోతుంది. ఆవిడ మొహంలో ఈ లెక్కంతా జరగడం మేమందరం చూశాం.

"తెండి," అంది.

రెండు రాళ్లు తెచ్చారు. ఒకటి పాతది, ఎండినది. రెండోది కప్పు మీదిది. పెయ్రోనెల్ల దాన్ని అక్కడే అందరి ముందూ గోనెతో తుడిచింది. తెల్లగా, పొడిగా కనిపించింది. సౌరిమోండ మోకాళ్ల మీద కూర్చుని మొదటి దానికి చెంప ఆనించింది. రెండోదానికి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. లేచేసరికి చెంప మీద తెల్లటి బురద చార ఉంది. తుడుచుకోలేదు.

"పైన ఆరింది," అంది బెరెంగేర్‌తో. "లోపల చెరువుంది. వాణ్ని విప్పండి."

విప్పారు. ఇక పెయ్రోనెల్లను ఏం చేయాలన్నది తేలలేదు. "దీన్ని పంపండి బయటికి," అని తోళ్ల వీధి వాళ్లు కొందరు అరిచారు. "పంపండి, రేపు రాళ్లు మీరు చెక్కండి," అంది గల్యార్ద. బెరెంగేర్ ముట్టడి అయ్యాక విచారిద్దామన్నాడు. శిక్ష పడితే బాగుండునని ఆ క్షణంలో అందరికన్నా ఎక్కువ కోరుకున్నది బహుశా పెయ్రోనెల్లే. అది దొరకలేదు. ముట్టడి అయ్యాక ఎవరికీ విచారించే ఓపిక లేదు, చనిపోయినవాళ్లంతా వీరులైపోయారు, పోన్స్‌తో సహా. శత్రువు రాయి తగిలి పోయాడని చర్చి గోడ మీద రాసి ఉంది. ఇప్పటికీ ఉంది.

ఫోర్తనేర్ మణికట్లు రుద్దుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాడు. కాళ్ల మీద పడుతుందేమో అనుకున్నాం. ఆవిడ పడలేదు.

"రాయి సంగతి సరే," అన్నాడు. "తొందర. నాకూ అలాంటివి అయ్యాయి. ఆ మాటెందుకన్నావు?"

అతను రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

"రాత్రంతా ఈ చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నా. కట్టేసి ఉన్నాయి కదా, ఇంకేం చూస్తాను? పోతే పోనీ అనుకున్నా. దేనికీ పనికిరానివి అనుకున్నా."

"అనకుండా ఉండాల్సింది మేస్త్రీ."

"అన్నావు కదా."

ఆ మధ్యాహ్నం అతను ఒడిసెల పట్టుకున్నాడు. గోడ మీదివాళ్లు కిందికి దొర్లించడానికి దాచుకున్న పాత రాళ్లలోది, ఎండిన రాయే. పందిరిని దాటి ఎక్కడో అవతల పడింది. రెండోది ఇవతల. మూడోది పెట్టుకుని, పొట్టకు హత్తుకుని, వదలాల్సిన చోట వదల్లేక పక్కకు పడిపోయాడు. దెబ్బ తగల్లేదు. లేచి, దుమ్ము దులుపుకుని, ఒడిసెల గోడమీది విలుకాడొకడికి అప్పగించి, వెళ్లి ఆడవాళ్ల పక్కన తాడు పట్టుకున్నాడు. ముట్టడి అయ్యేదాకా తాడే లాగాడు. తాళ్ల దగ్గర ఒక్కడే మగవాడు. ఎవరూ వెటకారం చేయలేదు. పాటలు కూడా ఆ రోజునుంచి తగ్గాయి. సన్యాసులకు చెప్పండి ఈ మాట.

సౌరిమోండ పెద్దల దగ్గర ఒక్కటే అడిగింది. "రాళ్లు నేను చూస్తా. నా చెంప తగలకుండా ఒక్క రాయీ యంత్రం దగ్గరికి పోవడానికి వీల్లేదు." సరేనన్నారు. మర్నాడు తెల్లారేసరికి వసారా మెట్ల కింద పీట వేసుకుని కూర్చుంది. పెయ్రోనెల్ల పై నుంచి మొదటి రాయి దించి ఆవిడ ముందు పెట్టింది. గోడ మీది నిల్వలోంచి తెచ్చి కప్పు మీదికి చేర్చినది, వారం రోజులుగా ఎండిన రాయి. తడితే గంటలా మోగుతుంది.

సౌరిమోండ చెంప ఆనించింది.

"ఆరలేదు," అంది.

గల్యార్ద తాడు వదిలేసి వచ్చింది. "ఏవిటీ? అది ఎండి చచ్చిందమ్మా! ఇదిగో నువ్వే తట్టి చూడు..."

"ఆవిడ ఆరలేదంటే ఆరలేదు," అంది పెయ్రోనెల్ల. రాయిని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కి కప్పు మీద పెట్టి, ఇంకోటి దించింది.

"ఆరలేదు."

ఎత్తుకుని పైకెళ్లింది. ఇంకోటి తెచ్చింది. పొద్దెక్కేదాకా అలాగే జరిగింది. తాళ్లు వేలాడుతున్నాయి. గోడ మీదనుంచి కేకలు మొదలయ్యాయి, పందిరి కదులుతోందని. బెరెంగేర్ పరిగెత్తుకుంటూ వచ్చి ఏదో అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి మెట్టు మీద కూలబడ్డాడు. పెయ్రోనెల్ల మెట్లు ఎక్కుతూనే ఉంది, దిగుతూనే ఉంది. రెండు మోచేతులూ చీరుకుపోయి రాళ్ల మీద రక్తం అంటింది. ఒక్కసారి కూడా ఆగి, ఇది ఆరిందని అనలేదు.

చివరికి ఒక రాయి మీద సౌరిమోండ చెంప పెట్టి, కళ్లు మూసుకుని, పడుకున్నట్టే ఉండిపోయింది. తర్వాత తలెత్తింది.

"ఇది పట్టుకెళ్లు," అంది. "మిగతావీ చూస్తా. రేపు కూడా చూస్తా."